మిర్యాము కోసం ఆగిన ఏడు దినములు



జూన్ 8వ తేదీ నుంచి మందిరాలు తెరుచుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. మార్చి 22, జనతా కర్ఫ్యూ ఆదివారం నాడు తాళం వేసిన మన మందిరాన్ని, దేవుని చిత్తమైతే, జూన్ 14 ఆదివారం తెరుస్తాం. పన్నెండు ఆదివారాలు పోయాయి. మట్టల ఆదివారం, మంచి శుక్రవారం, పునరుత్థాన పండుగ అన్నీ ఇళ్ళలోనే గడిపాం. ఫోన్‌లో ప్రార్థన చేసుకున్నాం, ఫోన్‌లోనే పాటలు పాడుకున్నాం. సిగ్నల్ లేని వాళ్ళు అది కూడా లేకుండా ఉన్నారు. కాబట్టి ఈ కబురు విని నేను ఎంత సంతోషించానో మాటల్లో చెప్పలేను.

కానీ ఆ సాయంత్రమే మన సంఘంలోని ఒక సహోదరి ఫోన్ చేసింది. ఎప్పుడు తెరుస్తారు, ఎన్ని గంటలకు రావాలి అని అడిగింది. చివరగా గొంతు తగ్గించి, "అయ్యగారూ, వాళ్ళు కూడా వస్తారా?" అంది.

వాళ్ళెవరో నేను పేరు రాయను. మన ఊళ్ళో అందరికీ తెలుసు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ప్రార్థన చేద్దాం అమ్మా" అని ఫోన్ పెట్టేశాను. మాలాంటి వాళ్ళకు జవాబు తోచనప్పుడు చెప్పే మాట అది. నాలుగు రోజులు ఆలోచించి, వాక్యం చదివి, ఇప్పుడు ఆ జవాబు రాస్తున్నాను. ఆ సహోదరి ఒక్కతే అడిగినా, ఆ ప్రశ్న మనలో చాలా మంది మనసుల్లో ఉందని నాకు తెలుసు.

ముళ్ళకంచె రోజులు

ఒక్కసారి మార్చి నెలకు వెళ్దాం. 12వ తేదీన నెల్లూరులో ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకునికి కరోనా ఉన్నట్టు తేలింది. మన రాష్ట్రంలో అదే మొదటి కేసు. 24వ తేదీ రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మొదట 21 రోజులన్నారు, తరువాత మే 3 అన్నారు, తరువాత 17, తరువాత 31.

ఆ మొదటి వారంలో మన ఊరి మొగదలలో తుమ్మకంప కొట్టి రోడ్డుకు అడ్డంగా వేశాం. చుట్టుపక్కల ఊళ్ళలోనూ వేశారు. బయటివాళ్ళు రాకూడదని బోర్డు రాసి పెట్టాం. హైదరాబాదులో హాస్టళ్ళు మూసేస్తే ఇళ్ళకు బయలుదేరిన పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయిన దృశ్యాలు టీవీలో చూసి అయ్యో అన్నాం. కానీ బెంగళూరు నుంచి నడిచి వచ్చిన మన ఊరి కుర్రవాళ్ళు ఇద్దరు కంప దగ్గర నిలబడితే, లోపలికి రానివ్వాలా వద్దా అని రెండు గంటలు వాదులాడుకున్నాం. చివరికి స్కూల్లో పద్నాలుగు రోజులు ఉంచాం. స్కూల్లో ఉంచడం తప్పు కాదు. కానీ మొదటి పూట వాళ్ళు తిన్నారా లేదా అని అడిగినవాళ్ళు లేరు. కంప వేసిన చేతుల్లో నా చేతులు కూడా ఉన్నాయి కాబట్టి ఈ మాట చెప్పే హక్కు నాకుంది అనుకుంటున్నాను.

తరువాత ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎమ్ అమ్మ, వలంటీరు ఇల్లిల్లూ తిరిగారు. జ్వరముందా, దగ్గు ఉందా, ఎవరైనా బయటి ఊరి నుంచి వచ్చారా అని రాసుకున్నారు. ఎండలో, గుడ్డ మాస్కు కట్టుకుని, చేతిలో ఒక పుస్తకం పట్టుకుని తిరిగారు. మా ఇంటికి కూడా వచ్చారు.

ఇక్కడ నేను మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజు మా ఇంట్లో పాస్టరమ్మకు రెండు రోజులుగా దగ్గు. ఒళ్ళు కూడా కొంచెం వెచ్చగా ఉంది. ఏఎన్‌ఎమ్ అమ్మ వాకిట్లో నిలబడి, "పాస్టరుగారూ, మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉందా?" అని అడిగింది. "లేదమ్మా, దేవుని కృప, అందరం బాగున్నాం" అన్నాను.

దేవుని కృప అనే మాటను అడ్డం పెట్టుకుని అబద్ధమాడాను. ఎందుకు? జబ్బుకు భయపడి కాదు. పాస్టరు ఇంట్లో కరోనా అట అని ఊరంతా చెప్పుకుంటే రేపు మందిరం తెరిచినా ఎవరు వస్తారు, మా పిల్లల్ని ఎవరు దగ్గరికి రానిస్తారు అని. ఆ దగ్గు నాలుగు రోజులకు తగ్గిపోయింది. అది మామూలు దగ్గే కావచ్చు. కానీ నేను ఆడిన అబద్ధం మాత్రం మామూలుది కాదు. అది నిజంగా ఆ రోగమే అయివుంటే, నా పరువు కోసం ఆ ఏఎన్‌ఎమ్ అమ్మనూ, ఆమె పిల్లల్నీ, మా వీధి ముసలివాళ్ళనూ పణంగా పెట్టినట్టే కదా.

పుల్లకు భయపడలేదు, మనకు భయపడ్డారు

ఏప్రిల్‌లో, మే నెలలో నేను చాలా మంది నోట ఒకే మాట విన్నాను. "పరీక్షకు పోము అయ్యగారూ." ముక్కులో, గొంతులో పుల్ల పెట్టి తీస్తారు, ఒక నిమిషం పని. ఇంజెక్షన్ కన్నా తేలిక. మొదట్లో మన శాంపిళ్ళు పూణె దాకా పంపేవారు, తరువాత తిరుపతి స్విమ్స్‌లోనే చేస్తున్నారు. మరి జనం ఎందుకు వెనక్కి తగ్గారు?

ఆ పుల్ల తరువాత జరిగేది వాళ్ళకు తెలుసు. అంబులెన్సు వీధిలోకి వస్తుంది. సైరన్ వినగానే అందరూ మిద్దెల మీదికి ఎక్కి చూస్తారు. ఫోన్లు పైకి లేస్తాయి. ఆ వీడియో సాయంత్రానికి పక్క మండలంలో కూడా తిరుగుతుంది. ఇంటి చుట్టూ బ్లీచింగ్ చల్లుతారు, వీధికి కర్రలు కడతారు. పాలు పోసేవాడు రాడు. బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వరు. రోగం పద్నాలుగు రోజుల్లో పోతుంది, పేరు పోదు.

ఫిబ్రవరి నెలలో, ఇంకా మన రాష్ట్రంలో ఒక్క కేసు కూడా లేని రోజుల్లో, మన జిల్లాలోనే ఒక పల్లెలో ఒక తండ్రి తనకు ఆ రోగం వచ్చిందనుకుని, ఫోన్‌లో చూసిన వీడియోలకు భయపడి, ఇంటివాళ్ళకు అంటకూడదని ప్రాణం తీసుకున్నాడు. మీలో చాలా మంది ఆ వార్త చదివారు. వైరస్ మన దగ్గరికి రాకముందే భయం వచ్చేసింది. ప్రియులారా, మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తే, రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చేయండి. నేను వస్తాను. ఇది మాట వరసకు చెప్పడం లేదు.

ఇక మన సంఘంలో వినిపించిన మాటలకు వస్తాను. మూడు మాటలు ఎక్కువగా విన్నాను.

మొదటిది: "91వ కీర్తన మనకుంది అయ్యగారూ, మనకు మాస్కు ఎందుకు, పరీక్ష ఎందుకు? అది అవిశ్వాసం." ఆ కీర్తన నాకూ ప్రాణమే. మా నాన్న చనిపోయే ముందు మూడు రాత్రులు దాన్ని చదివించుకున్నాడు. అయితే ఒక్క సంగతి గమనించండి. మత్తయి 4వ అధ్యాయంలో ఆ కీర్తనను ఎత్తి చూపి, దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని చెప్పింది ఎవరు? అపవాది. దేవదూతలు పట్టుకుంటారని వాగ్దానం ఉంది కదా, దూకు అన్నాడు. ప్రభువు వాగ్దానాన్ని కాదనలేదు. కానీ దూకలేదు. మెట్లు ఉండగా దూకి దేవుణ్ణి శోధించకూడదన్నాడు. మాస్కు, సబ్బు, పరీక్ష మనకు దేవుడిచ్చిన మెట్లు. మెట్లు దిగడం అవిశ్వాసం కాదు.

రెండవది: "ఇదంతా 666 ముద్ర. ఆ ఆరోగ్య సేతు, ఆ పరీక్షలు అన్నీ దానికే." ప్రకటన గ్రంథంలోని ఆ ముద్ర ఆరాధనకు సంబంధించినది. మృగానికి నమస్కారం చేసేవాళ్ళు దాన్ని వేయించుకుంటారని అక్కడ ఉంది. తెలియకుండా ముక్కులోకి ఎక్కించే సంగతి అక్కడ లేదు. గొంతులో పుల్ల పెట్టించుకున్నంత మాత్రాన ఎవరూ క్రీస్తును విడిచిపెట్టినట్టు కాదు. ఆ యాప్ మన సమాచారం ఎవరికి ఇస్తుంది, ఎన్నాళ్ళు దాస్తుంది అని అడగడం వేరు. అది పౌరునిగా అడగవలసిన మంచి ప్రశ్న, అడగండి. కానీ దాన్ని ప్రకటన గ్రంథంతో ముడిపెట్టి ముసలమ్మలకు నిద్ర లేకుండా చేయకండి.

మూడవది: "మే 4న మందు షాపులు తెరిచారు. గుడి మూశారు, మసీదు మూశారు, చర్చి మూశారు. ఇది న్యాయమా?" ఈ మాటలో నిజముంది. ఆ రోజు షాపుల ముందు క్యూలు చూసి నాకూ కడుపు మండింది. ధర పెంచితే తాగడం తగ్గుతుందన్నారు. క్యూ తగ్గడం నేను చూడలేదు. నెలన్నర పాటు మందు లేక భర్త చేతి దెబ్బలు తప్పిన అక్కలు మళ్ళీ ఏడుస్తూ ఫోన్లు చేశారు. ప్రభుత్వం చేసిన ఆ పని సరికాదని నేను బహిరంగంగానే అంటాను. కానీ వాళ్ళు ఒక తప్పు తలుపు తెరిచారని, మనం కూడా మన తలుపు తెరిచి ముసలివాళ్ళకు రోగం అంటించాలా? మందిరం మూసింది మనల్ని హింసించడానికి కాదు. గుంపుగా కూర్చుని, గొంతెత్తి పాడి, ఒకే గిన్నెలో తాగే చోట ఆ రోగం త్వరగా పాకుతుంది. మనం చేసేది సరిగ్గా అదే.

ఏడు దినములు, మరి ఏడు దినములు

ఈ రెండు నెలల్లో క్వారంటైన్ అనే మాట మన ముసలమ్మలకు కూడా నోరు తిరిగింది. ఆ మాటకు మూలం ఇటలీ భాషలో నలభై. వెనుకటి కాలంలో ప్లేగు భయంతో ఓడలను రేవులో నలభై రోజులు ఆపేవారు, అందుకే ఆ పేరు. ఈ సంవత్సరం మనకు శ్రమదినాల నలభై రోజుల్లోనే అది వచ్చింది.

కానీ ఈ పని బైబిలుకు కొత్త కాదు. లేవీయకాండము 13వ అధ్యాయం తీసి చదవండి. చదివేటప్పుడు మనం ఎప్పుడూ దాటవేసే అధ్యాయం అది. ఒకని చర్మం మీద మచ్చ కనబడితే యాజకుని దగ్గరికి తీసుకురావాలి. యాజకుడు చూస్తాడు. తేటగా తెలియకపోతే ఏడు దినాలు వేరుగా ఉంచుతాడు. ఏడవ దినాన మళ్ళీ చూస్తాడు. ఇంకా తెలియకపోతే మరి ఏడు దినాలు. ఏడు, ఏడు కలిపితే పద్నాలుగు. నేను ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే, ఈ ఏప్రిల్‌లో చదువుతుంటే చేతి వేళ్ళ మీద మళ్ళీ లెక్క పెట్టుకున్నాను.

అది వైరస్ గురించి రాసిన అధ్యాయమని నేను అనను. కానీ అక్కడ మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, తీర్పు చెప్పేది చూడడం తెలిసినవాడు. పొరుగువాడు కాదు, మిద్దె మీద నిలబడి చూసేవాడు కాదు. రెండు, తెలియనప్పుడు తెలియదని ఒప్పుకుని ఆగుతాడు. ఇప్పుడు కూడా అంతే. రోగం లోపల ఉన్నా బయటపడడానికి పద్నాలుగు రోజుల దాకా పట్టవచ్చు కాబట్టి, ఈ రోజు నెగెటివ్ వచ్చినవాణ్ణి కూడా ఆగమంటారు. మూడవది నన్ను బాగా పట్టుకున్నది. 14వ అధ్యాయంలో, బాగుపడినవాణ్ణి చూడడానికి యాజకుడే పాళెము బయటికి వెళ్ళాలి. రోగి లోపలికి రావడానికి బతిమాలుకోనక్కరలేదు. యాజకుడే ముందు నడిచి వెళ్ళాలి, అతణ్ణి తీసుకురావాలి.

ప్రభువు కూడా ఆ పద్ధతిని కాదనలేదు. మత్తయి 8వ అధ్యాయంలో కుష్ఠరోగిని ముట్టిన ప్రభువే, వెళ్ళి యాజకునికి కనబరచుకో అని పంపాడు. లూకా 17లో పదిమందినీ అలాగే పంపాడు. ఆయన మాటతో బాగుపడినవాళ్ళు, వాళ్ళకు పరీక్ష ఎందుకు? ఊరు నమ్మాలి కాబట్టి. ఇంటికి వెళ్ళినప్పుడు భార్య తలుపు తీయాలి, పిల్లలు ఒళ్ళోకి రావాలి కాబట్టి. వాళ్ళు తిరిగి ఊరిలోకి రావడానికే ఆ పరీక్ష. ఊరి నుంచి తోసేయడానికి కాదు.

ఇప్పుడు సంఖ్యాకాండము 12వ అధ్యాయం. మోషే అక్క మిర్యాము. తమ్ముని మీద నోరు జారింది, తప్పు చేసింది. ఆమెకు కుష్ఠము వచ్చింది. ఎవరి మీద మాట్లాడిందో ఆ మోషేనే ఆమె కోసం మొరపెట్టాడు. దేవుడు విన్నాడు, కానీ ఏడు దినాలు పాళెము వెలుపల ఉండాలన్నాడు. ప్రార్థన చేసినా ఏడు దినాలు తప్పలేదు చూడండి. ఆ తరువాత ఒక చిన్న మాట ఉంది. ఆమెను తిరిగి చేర్చుకునేదాకా జనులు ప్రయాణం సాగించలేదు.

అన్ని లక్షల జనం. పిల్లలు, గొర్రెలు, గుడారాలు. ముందు వాగ్దాన దేశం. ఒక్క స్త్రీ బయట ఉందని, అదీ తప్పు చేసిన స్త్రీ, అందరూ ఆగారు. ఆమెను బయట ఉంచారు, కానీ వదిలి వెళ్ళలేదు.

ప్రియులారా, ఈ రోగం రోజుల్లో మనం సరిగ్గా తెలుసుకోవలసిన తేడా ఇదే. దూరంగా ఉంచడం పాపం కాదు. వదిలేసి వెళ్ళడం పాపం. మనిషికి ఆరడుగుల దూరం ప్రేమ కావచ్చు. ఆ ఆరడుగుల అవతల ఉన్నవాని పేరు మరచిపోవడం మాత్రం ప్రేమ కాదు. వదిలేయరు అనే నమ్మకం ఉంటే మనిషి తానే వచ్చి పరీక్ష చేయించుకుంటాడు. ఆ నమ్మకం లేకపోతే దాక్కుంటాడు. దాక్కున్నవాని దగ్గర నుంచే రోగం పాకుతుంది.

ఇది ప్రభుత్వాలకు కూడా వర్తించే మాట. 1897లో పూణెలో ప్లేగు వచ్చినప్పుడు ఆంగ్ల ప్రభుత్వం సిపాయిలతో ఇళ్ళు సోదా చేయించింది. ఆడవాళ్ళ గదుల్లోకి, పూజగదుల్లోకి జొరబడ్డారు. జనం రోగులను దాచిపెట్టారు. కోపం పెరిగి పెరిగి చివరికి ఆ ప్లేగు అధికారి ర్యాండ్‌ను కాల్చి చంపేదాకా వెళ్ళింది. ఎపిడమిక్ డిసీజెస్ చట్టం ఆ సంవత్సరం చేసినదే, ఇప్పటికీ అదే వాడుతున్నాం. మొన్న మార్చి నెలలో కూరగాయలకు వెళ్ళినవాని మీద లాఠీ పడింది. మన జాతీయ రహదారి మీద చెన్నై నుంచి ఒరిస్సాకూ, బీహారుకూ చెప్పులు లేకుండా నడిచి వెళ్ళినవాళ్ళను మనమే చూశాం, మనమే మజ్జిగ ఇచ్చాం. ఇంట్లో ఉండమని చెప్పేవాళ్ళు, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చూడాలి. ఈ మాట చెప్పకుండా జనాన్ని మాత్రమే తప్పుపడితే నేను సగమే చెప్పినవాణ్ణి అవుతాను.

మన ఊరి మిర్యాము

ఇప్పుడు ఆ కుటుంబం సంగతికి వస్తాను.

ఆ సహోదరుడు మినీ వ్యాను నడుపుతాడు. మన చుట్టుపక్కల పండే వంకాయ, బీన్స్, టమోటా చెన్నై కోయంబేడు మార్కెట్టుకు వేసుకుపోతాడు. లాక్‌డౌన్‌లో కూడా వెళ్ళాడు. మన పంట చేలోనే కుళ్ళిపోకుండా ఉందంటే అతని వల్లే. మే మొదటి వారంలో కోయంబేడులో రోగం పాకిందని మార్కెట్టు మూసేశారు. అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పాలని మన దగ్గర దండోరా వేశారు. అతను మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు జ్వరం వచ్చాక చెప్పాడు. పాజిటివ్ అని తేలింది. ఇల్లంతా క్వారంటైన్‌కు వెళ్ళారు. అతనితో మాట్లాడిన పాపానికి ఇంకో మూడు ఇళ్ళు వెళ్ళాయి. అందులో డెబ్బై ఏళ్ళ పెద్దాయన కూడా ఉన్నాడు. దేవుని దయవల్ల వాళ్ళందరికీ నెగెటివ్ వచ్చింది.

అందుకే మీకు కోపం. "ఆ మూడు రోజులు ఎందుకు దాచాడు?" అంటున్నారు. కోపం న్యాయమైనదే. దాచడం తప్పు, నేను సమర్థించను. ఆ మాట అతనితో కూడా అన్నాను. కానీ అతను తల దించుకుని ఒక మాట అన్నాడు. "చెబితే మా పాప పెళ్ళి సంబంధం తప్పిపోతుందని భయపడ్డాను అయ్యగారూ."

నా దగ్గుకూ అతని జ్వరానికీ తేడా ఏమిటి ప్రియులారా? నేను నా పేరు కోసం దాచాను, అతను బిడ్డ కోసం దాచాడు. నాది బయటపడలేదు, అతనిది బయటపడింది. అంతే. రాయి వేయవలసి వస్తే మొదటి రాయి నేను వేయలేను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఏప్రిల్‌లో ఢిల్లీ జమాత్‌కు వెళ్ళి వచ్చిన ముస్లిం సోదరుల్లో కేసులు బయటపడినప్పుడు మనం ఏం మాట్లాడుకున్నాం? వాళ్ళు కావాలనే పాకిస్తున్నారని చెప్పే ఒక వీడియోను నేను మన గ్రూపులో పెట్టాను. అది ఈ రోగానికి సంబంధం లేని పాత వీడియో అని వారం తరువాత తెలిసింది. తీసేశాను, కానీ క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ వారం మన ఊరికి పండ్లు తెచ్చే ముస్లిం పెద్దాయనను వెనక్కి పంపేశారు. ఆ వీడియో పంపిన పాపంలో నాకు భాగముంది. నిన్న ఆయన ఊరికి వెళ్ళి కలిసి వచ్చాను. అప్పుడు వేలు వాళ్ళ వైపు చూపాం. నెల తిరగకముందే కోయంబేడు నుంచి మన వైపే చూపించారు. పక్క ఊరివాళ్ళు మన ఊరి పాలు వద్దన్నారు. మీకు గుర్తుందా ఆ బాధ?

మనకు దగ్గర్లోనే చెన్నైలో, ఏప్రిల్ 19న ఒక క్రైస్తవ వైద్యుడు, నరాల శస్త్రచికిత్స నిపుణుడు, ఈ రోగంతో చనిపోయాడు. ఆయన దేహాన్ని సమాధి చేయనివ్వకుండా జనం అంబులెన్సు మీద రాళ్ళు వేశారు. ఆ రాత్రి ఆయన తోటి డాక్టరు తానే పార పట్టి మన్ను కప్పవలసి వచ్చింది. మూడు రోజులకు, 22వ తేదీన, వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే బెయిలు లేని నేరమని కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలు. మంచిదే. కానీ రాయి ఎత్తిన చేతిని చట్టం పట్టుకోగలదు, మనసులోని రాయిని పట్టుకోలేదు. ఆ పని సంఘానిది. "వాళ్ళు కూడా వస్తారా?" అనే ప్రశ్నలో కూడా ఒక చిన్న రాయి ఉంది.

నా జవాబు

అవును సహోదరీ, వాళ్ళు కూడా వస్తారు. ఆసుపత్రి నుంచి డాక్టర్లు ఇంటికి పంపారు. ఆ తరువాత ఇంట్లో ఉండమన్న రోజులు కూడా దాటిపోయాయి. వాళ్ళ ఏడు దినాలు, మరి ఏడు దినాలు ముగిశాయి. జూన్ 14 ఉదయం నేను, పాస్టరమ్మ ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళను వెంటబెట్టుకుని మందిరానికి నడిచి వస్తాం. లేవీయకాండంలో యాజకుడే బయటికి వెళ్ళాడు కాబట్టి, నేను కూడా వెళ్ళాలి.

మిగతా ఏర్పాట్లు కూడా చెబుతాను. ఇది భయపడి చేస్తున్నది కాదు, ఒకరి కోసం ఒకరం చేస్తున్నది.

ఆరాధన రెండుసార్లు జరుగుతుంది, ఉదయం 7 గంటలకు, 9 గంటలకు. చాప మీద ముగ్గుతో గీసిన గుర్తు దగ్గరే కూర్చోవాలి. చాపలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. మాస్కు లేకుండా ఎవరూ లోపలికి రాకండి, నాతో సహా. 65 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు, గర్భిణీలు ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే ఉండండి. మీ దగ్గరికి నేను వాకిటి దాకా వచ్చి ప్రార్థన చేస్తాను. క్వయర్ పాటలు ఇప్పుడు ఉండవు. మన యవ్వనస్థులకు ఇది కష్టమని తెలుసు. ప్రభువు బల్ల కూడా కొన్నాళ్ళు ఆగుదాం. షేక్‌హ్యాండ్ వద్దు, చేతులు జోడించి వందనాలు చెప్పుకుందాం.

జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళు రాకండి. రాలేదని ఎవరూ ఏమీ అనుకోకూడదు. ముఖ్యంగా, నాకు చెప్పండి. పరీక్షకు నేను తోడు వస్తాను. మీ ఇంటి పాలు, కూరగాయలు, మేతకు పశువులు, పిల్లల భోజనం, ఇవన్నీ చూసుకోవడానికి సంఘంలో ఆరుగురు పెద్దలు ముందుకు వచ్చారు. వ్యాను నడిపే ఆ సహోదరుడు ఏడవవాడుగా పేరు ఇచ్చాడు. ఎవరినైనా ఆసుపత్రికి తీసుకుపోవలసి వస్తే బండి నాది అన్నాడు.

రేపు మన ఇళ్ళలో ఎవరికి వస్తుందో మనకు తెలియదు. ఈ రోగం ఇంకా పోలేదు. నాకే రావచ్చు. వస్తే ఈసారి ఏఎన్‌ఎమ్ అమ్మకు నిజం చెబుతాను. మొన్న ఆమె ఇంటికి వెళ్ళి, మార్చిలో చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరొక్కరే కాదు పాస్టరుగారూ" అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఎన్ని ఇళ్ళ వాకిళ్ళలో ఆమెకు అబద్ధం చెప్పి ఉంటామో! ఆమె అన్ని ఇళ్ళకూ మళ్ళీ మళ్ళీ వచ్చింది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా ఊరి మొగదల వేసిన కంపను తీసేశాము. మా మనసుల్లో ఇంకా ఉన్న కంపను నీవు తీసివేయుము. రోగులను బాగుచేయుము. వారిని చూచుకొనుచున్న ఆశా అక్కలను, నర్సులను, డాక్టర్లను, చెత్త ఊడ్చే సహోదరులను కాపాడుము. దూరంగా ఉండవలసిన రోజుల్లో దూరంగా ఉండే బుద్ధిని, ఎవరినీ వదిలి వెళ్ళని ప్రేమను మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

జూన్ 14 ఉదయం కలుద్దాం. చాప మరచిపోకండి.

ప్రభువు నందు మీ సహోదరుడు,
మీ పాస్టరు